జాకరమ్మ పట్టుకోని తుపాకీ

సిరిమామిడిపుట్టు ఆడవాళ్ళు క్వారీ రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. వాళ్ళ చేతుల్లో ఏమీ లేవు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే మర్నాడు పేపర్లో కత్తులనీ విల్లంబులనీ రాశారు. ఉన్నదల్లా చంకల్లో పిల్లలు, పక్కన చోడి అంబలి కుండలు. వాళ్ళ వెనక మగవాళ్ళు, ఆ మగవాళ్ళ పక్కన పాడేరు కాలేజీలో చదివే పిల్లలు కొందరు. ఎదురుగా టిప్పర్లు వరసగా ఆగిపోయి ఉన్నాయి. టిప్పర్ల ముందు పోలీసు జీపు.

వాళ్ళు అడిగింది ఒక్కటే. బోడకొండ మీద పేలుళ్ళు ఆపాలి. ఆ కొండలోంచి ఊరికి దిగే ఊటగెడ్డ, పేలుళ్ళు మొదలైన ఏడాదే బురద కక్కి, ఆ తర్వాత ఎండిపోయింది. కాఫీ ఆకుల మీద తెల్లదుమ్ము పేరుకుపోయి పూత నిలవడం లేదు. గ్రామసభ ఈ క్వారీకి ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే ఏం, మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టరు కృష్ణమూర్తి ఊళ్ళో ఒక తాగుబోతును పట్టి, అక్కడ గిరిజనుడికే లీజివ్వాలని చట్టం గనక అతని పేరున లీజు రాయించుకుని, గిరిజనుడి కొండను గిరిజనుడి పేరుతోనే తవ్వుకుపోతున్నాడు. చట్టం ఊరి పక్కన ఉందని అందరూ అంటారు. పోలీసులు మాత్రం కృష్ణమూర్తి పక్కన ఉన్నారు.

"లెగండి," అని అరిచాడు ఎస్సై శివకుమార్. ఎవరూ లేవలేదు. ఆయన కానిస్టేబుల్ జగదీష్ వైపు తిరిగి, గాల్లోకి ఒకటి కాల్చమన్నాడు. జగదీష్ కాల్చాడు. చంటిపిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. ఆ ఏడుపుల మధ్యలోంచి యర్రమ్మ అనే ముసలామె లేచింది. లేచి వెనక్కి పోలేదు, ముందుకు వచ్చింది. చీర కొంగు నడుముకి దోపుకుని నేరుగా తుపాకీ ముందుకే నడిచింది.

"దించు. కాళ్ళకి కొట్టు," అన్నాడు ఎస్సై.

జగదీష్ దించాడు. మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. పక్కనున్న పిడి పట్టి లాగాడు, అది కదల్లేదు. ఇందాక గాల్లోకి కాల్చిన తూటా తాలూకు ఇత్తడి గుల్ల బయటికి రాకుండా లోపలే ఇరుక్కుపోయింది. అతను తుపాకీని నేలకానించి పిడిని బూటుకాలితో తన్నాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు ఊరి దిసారి మంగ్లు, పూజలూ ముహూర్తాలూ చూసే పెద్దాయన, రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాడు.

"జాకరమ్మ పట్టింది. అమ్మ పట్టుకుంది తుపాకీని."

జాకరమ్మ ఆ కొండ ఊళ్ళు కొలిచే అమ్మవారు. ఆ మాటతో జనం మొత్తం లేచారు. ఆ ఊపు చూసి టిప్పర్ల డ్రైవర్లు ఎవరి మాటా వినకుండా బళ్ళు వెనక్కి తిప్పారు. ఎస్సై జీపెక్కాడు. సిరిమామిడిపుట్టు పుట్టాక అంత గెలుపు ఆ ఊరు ఎరగదు.

పోలీసుల వరసలో చివరన లాఠీ పట్టుకుని నిలబడ్డవాడు ధనరాజు. అతనిది డుంబ్రిగుడ దగ్గర ఊరు. ఆ ఊళ్ళో ఖాకీ చొక్కా వేసుకున్న మొదటివాడు. అతని అప్ప, అంటే సొంత అక్క, రత్నాలుని ఇచ్చింది ఈ సిరిమామిడిపుట్టులోనే. రోడ్డు మీద రెండో వరసలో కూర్చున్న ఆమె తమ్ముణ్ణి చూసింది. ధనరాజు హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాడు. ఎండ లేదు, దుమ్ము లేదు, ఎవరూ రాయి విసరలేదు. అప్ప చూపు తగలకుండా దించుకున్నాడు.

పోలీసు క్యాంపుకి చేరాక ఎస్సై అందర్నీ వరసలో నిలబెట్టి ఆ తుపాకీని ధనరాజు కాళ్ళ ముందు పడేశాడు. అక్కడ తుపాకులు తుడిచి భద్రపరిచే పని ధనరాజుదే.

"కొండోడి చేతికిస్తే ఇంతే. ఒంటికే నీళ్ళు పోసుకోరు, తుపాకీ ఏం తుడుస్తారు?"

వరసలో కొందరు నవ్వారు. జగదీష్ నవ్వలేదు గానీ నేల చూశాడు. ధనరాజు చెవులు కాలిపోయాయి. తప్పు తనదే. వానలో ఫైరింగ్ ప్రాక్టీసు అయ్యాక పైపైన తుడిచి, నూనె పూసి, గదిలో పెట్టేశాడు. లోపల చూడలేదు. బద్ధకించాడు.

తుపాకీ ఎరగనివాళ్ళు గొట్టం మెరుస్తోందా లేదా చూస్తారు. ఎరిగినవాళ్ళు గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటు చూస్తారు, దాన్ని చాంబరు అంటారు. తూటా పేలగానే ఇత్తడి గుల్ల ఉబ్బి, మరుక్షణం సడలుతుంది. సడలినప్పుడు చిన్న కొక్కెం ఒకటి దాని అంచు పట్టి లాగి బయట పారేస్తుంది, ఇంకో తూటా వచ్చి కూర్చుంటుంది. చాంబరులో మసి గట్టిపడితే గుల్ల సడలదు. కొక్కెం కింద మురికి చేరితే అంచు చిక్కదు. మసి మీద నూనె పూస్తే ఇంకా చేటు, అది జిగురై కూర్చుంటుంది. ధనరాజు చేసింది సరిగ్గా అదే.

ఆ మధ్యాహ్నమంతా అతను తుపాకీ విప్పుకుని కూర్చున్నాడు. ఇరుక్కున్న గుల్లను కడ్డీతో పొడిచి బయటికి తీశాడు. చాంబరును బ్రష్షుతో రుద్దాడు. గుడ్డపీలిక లోపలికి పోయి నల్లగా వచ్చింది, తర్వాత తుప్పురంగు వచ్చింది, తర్వాత బూడిదరంగు. పీలిక తెల్లగా లోపలికి వెళ్ళి తెల్లగానే బయటికి వచ్చేదాకా వదల్లేదు. కొక్కెం తీసి దాని గోరంత పంటి సందులో పాచిని సూదితో గీకాడు. తూటా పేలినప్పుడు గ్యాసు పోయే దారికి పట్టిన మసి కూడా శుభ్రం చేసి, అన్నీ పొడిగా తుడిచి బిగించాడు. కొండోడు తుడవలేడా, చూపిస్తాను అనుకుంటూ తుడిచాడు.

ఎస్సై క్యాంపు వెనక గుట్టకి కాల్పించి చూశాడు. గుల్లలు ఒకదాని వెనక ఒకటి చక్కగా ఎగిరి ఒకే చోట పడ్డాయి. "అదీ," అని ఎస్సై ధనరాజు భుజం తట్టాడు. ధనరాజుకు సంతోషం వేసింది. దాచడమెందుకు, చాలా సంతోషం వేసింది. ఆ సంతోషం గుర్తొచ్చినప్పుడల్లా అతను తర్వాత తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగాడు.

ఆదివారం అప్ప ఫోను చేసింది. ఊరంతా కలిసి జాకరమ్మకి మేకను కోస్తున్నారట, వచ్చి నాలుగు మెతుకులు తిని పొమ్మంది. రోడ్డు మీద చూసిన సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే అతనికి కష్టంగా ఉంది. డ్యూటీ లేదు గనక మామూలు చొక్కా వేసుకుని వెళ్ళాడు.

అమ్మవారి రాళ్ళ దగ్గర చెట్ల కింద జనం బంతులు తీరి ఉన్నారు. అడ్డాకు విస్తళ్ళలో సామబువ్వ, మేక మాంసం. ఒక పక్క జీలుగు కల్లు. ఎవరూ ధనరాజుని పోలీసని వేరుగా చూడలేదు, రత్నాలు తమ్ముడని పక్కన చోటిచ్చారు. అతను ముద్ద కలిపి నోటి దగ్గరికి తెచ్చేసరికి వేళ్ళనుంచి తుపాకీ నూనె వాసన వేసింది. సబ్బుతో ఎంత తోమినా పోని వాసన అది. తుపాకీ ఆగిపోయినందుకు పెట్టిన భోజనాన్ని ఆ వేళ్ళతోనే తిన్నాడు.

మంగ్లు మధ్యలో నిలబడి మాట మొదలుపెట్టాడు.

"రేపు మళ్ళీ టిప్పర్లొత్తాయట. రానీండి. ఈ పాలి పసిపిల్లల్ని ముందర కూకోబెడదాం. పిల్లలంటే అమ్మకి మరీ పేమ. తుపాకీ పేలనే పేల్దు."

ఔనౌనన్నారు అందరూ. రత్నాలు కూతురు సోని తల దువ్వుతూ, "మా గుంటని మొదటి వరసలోనే కూకోబెడతాను," అంది. ఆ గొంతులో గర్వం ఉంది.

ధనరాజు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. మాట్లాడకుండా తిని లేచిపోతే ఎవరికీ ఏమీ తెలియదు. రేపు మాత్రం సోని తుపాకీ ముందు ఉంటుంది.

"అమ్మ పట్టుకోనేదు అప్పా," అన్నాడు.

"మరెవులు పట్టినారు?"

"మురికి పట్టింది."

కొందరు వేళాకోళమనుకుని నవ్వారు. మంగ్లు నవ్వలేదు. "ఏటి కూస్తన్నావు? పోలీసు బుద్ధి పోనిచ్చుకోవు కావాల. కృష్ణమూర్తి పంపినాడేటి నిన్ను, మమ్మల్ని జడిపించి రమ్మని?"

"ఎవులూ పంపనేదు తాతా. తుపాకులు తుడిసేది నానే. ఆ పొద్దు సరీగా తుడవనేదు, అందుకు ఇరుక్కుపోనాది. మళ్ళీ తుడిసీసినాను. ఇప్పుడు పేల్తాది. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు పేల్తాది."

రత్నాలు దువ్వెన కింద పెట్టింది.

"ఎవులు తుడిసినారు?"

"నానే."

"ఎవుల మీదకని తుడిసినావు?"

తుడిచేటప్పుడు ఆ ప్రశ్న ధనరాజుకి తట్టనే లేదు. ఎస్సై నోరు మూయించాలని తుడిచాడు. తుపాకీ ముందు ఎవరుంటారో ఎరిగి కూడా, అవమానం మంటలో ఆ సంగతే మరిచిపోయాడు. బానిస చేత మంచి పని చేయించుకోవడానికి కొరడాలెందుకు, నీకు చేతకాదని ఒక్క మాటంటే చాలు. ఈ కిటుకు దొరలకు తరతరాలుగా తెలుసు.

"తిన్నావు కదా. సెయ్యి కడుక్కుని ఎల్లు," అంది రత్నాలు. అతని వంక చూడలేదు.

అప్పుడు హేమలత లేచింది. పాడేరులో డిగ్రీ చదువుతూ, విద్యార్థి సంఘంలో తిరుగుతూ, ఈ పోరాటానికి కాలూ చెయ్యీ అయిన పిల్ల.

"ఆగు పిన్నీ. ఆ మామనొక్కణ్ణే అనకు. తుపాకీలో ఏదో ఇరుక్కుందని నాకూ ఆ రోజే అనుమానం. జనం ధైర్నంగా ఉన్నారు కదా, ఇప్పుడెందుకు సెప్పడమని ఊరుకున్నాను. పిల్లల్ని ముందర కూకోబెడతామంటే కూడా నోరు మెదపనేదు." ఆమె బంతుల వైపు తిరిగింది. "అబద్దం మీద జనాన్ని నిలబెడితే కృష్ణమూర్తికీ నాకూ తేడా ఏటి?"

ఇక గోల మొదలైంది. అమ్మని అబద్ధమంటారా అని మంగ్లు కేకలేశాడు. తుపాకీ పేలేదైతే నేను రాను, నాకు పిల్లలున్నారు అన్నాడొకడు. అందరికీ ఉన్నారు అంది ఒకావిడ. గెడ్డలో నీళ్ళు లేకపోతే ఆ పిల్లలకేం పోస్తావని ఇంకొకావిడ. కోర్టుకి పోదామన్నారు. కోర్టు కాగితం వచ్చేలోగా కొండ ఉండదన్నారు. ఒకరి మాట మీద ఒకరి మాట పడి చెట్ల మీద పిట్టలు లేచిపోయాయి.

యర్రమ్మ అంతసేపూ ఎముక చీకుతూ కూర్చుంది. తుపాకీ ఎవరి మీదికి దించారో ఆ యర్రమ్మే. ఎముక పారేసి, కొంగుతో మూతి తుడుచుకుని, కూర్చున్న చోటునుంచే అడిగింది.

"ఒరే మంగ్లూ. ఆ పొద్దు నాను లెగిసి ఎదురెల్లినాను. అమ్మ పట్టుకుంటాదని నువ్వు అప్పటికి సెప్పినావేటి?"

"లేదు."

"మరి నానెవుల్ని సూసుకుని లెగిసినాను?"

అమ్మ మహిమ తుపాకీ ఆగాక వచ్చిన మాట. ముసలిది లేచింది అంతకు ముందు. పేలే తుపాకీ ఎదురుగా, పేలుతుందని తెలిసే లేచింది.

"అమ్మకి దండమే. మేకని కోసినాం, తిన్నాం," అంది యర్రమ్మ. "రేపు మాత్రం మనమే కూకోవాల. పిల్లల్ని ఇళ్ళకాడ ఉంచండి. వొచ్చీవోలు తెలిసి రండి."

అలా తేలింది. హేమలత, ఆమె తోటి పిల్లలు చుట్టుపక్కల పుట్టులకీ, అంటే చిన్న గూడేలకీ, హుకుంపేట వైపు ఊళ్ళకీ కబురు మోసుకుపోయారు. కబురులో అమ్మ పేరు లేదు. తుపాకీ బాగయింది, అయినా కూర్చుంటున్నాం, వచ్చేవాళ్ళు రండి, అంతే.

బయల్దేరుతున్న ధనరాజుని యర్రమ్మ ఆపింది. "మరి నువ్వేటి సేత్తావు బాబూ?"

"నాకు తెల్దమ్మా," అన్నాడు. ఆ మాట నిజం.

సోమవారం పొద్దున్న ఆయుధాల గదిలో ఆ తుపాకీ ముందు నిలబడ్డప్పుడు అతనికి ఉపాయం తట్టింది. చిటికెడు మట్టి, రెండు చుక్కల నూనె. మళ్ళీ ఇరుక్కుంటుంది. ఉద్యోగం పోదు, మనుషులూ చావరు, చివాట్లతో సరిపోతుంది. వంగి గుమ్మం దగ్గర మట్టి కూడా తీశాడు. తీశాక ఆలోచన ముందుకు సాగింది. తుపాకీ మళ్ళీ ఇరుక్కుంటే మంగ్లు మళ్ళీ చేతులెత్తుతాడు. ఈసారి జనం తన మాట నమ్మరు, అమ్మనే నమ్ముతారు. ఆ పైవారం సోనిని తెచ్చి మొదటి వరసలో కూర్చోబెడతారు. అప్పటికి ఈ తుపాకీని ఇంకెవడో తుడిచి ఉంటాడు. ధనరాజు మట్టి పారబోసి చేతులు దులుపుకున్నాడు.

రోడ్డు మీద జనం కిందటిసారికి రెండింతలున్నారు. చంకల్లో పిల్లలు లేరు. అందరూ కూర్చుని ఉన్నారు. మాటల్లేవు, పాటల్లేవు. తుపాకీ పేలుతుందని తెలిసి కూర్చున్న జనం ఎలా ఉంటారో ధనరాజు మొదటిసారి చూశాడు. కొందరు వణుకుతున్నారు. వణుకుతూనే పక్కవాళ్ళ చేతులు పట్టుకుని ఉన్నారు. మంగ్లు కూడా వచ్చాడు. టిప్పర్ల వెనక కారులో కృష్ణమూర్తి అద్దాలెత్తుకుని కూర్చున్నాడు.

ఎస్సై తుపాకీని జగదీష్‌కి ఇవ్వలేదు. "నువ్వు తుడిచిందే కదా. నువ్వే పట్టు," అని ధనరాజు చేతిలో పెట్టాడు. అతని చేత కొట్టిస్తే కొండోణ్ణి కొండోడే కొట్టాడని రాసుకోవచ్చు. అదీ ఆయన లెక్క.

లేవమని అరిచాడు. ఎవరూ లేవలేదు. "ముందు వరస. కాళ్ళకి," అన్నాడు.

ముందు వరసలో యర్రమ్మ, ఆమె పక్కన రత్నాలు. రత్నాలు తమ్ముణ్ణే చూస్తోంది. హెల్మెట్ అద్దం దించుకోవాలని ధనరాజు చెయ్యి లేవబోయింది. లేవనివ్వలేదు.

తుపాకీ ఎత్తాడు. అలాగే ఉండిపోయాడు. ఎంతసేపటికీ శబ్దం రాకపోయేసరికి వెనకనుంచి ఎవరో సన్నగా, "మళ్ళీ పట్టింది, అమ్మ పట్టింది," అన్నారు. గుసగుస వరసల మీదుగా పాకింది. ఎస్సై మొహం చిట్లించి దగ్గరికొచ్చాడు.

"ఏంట్రా, మళ్ళీ ఇరుక్కుందా?"

ఔనంటే చాలు. అందరూ నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు, ఎస్సైతో సహా. ధనరాజు తుపాకీ పిడి పట్టి వెనక్కి లాగాడు. పేలని తూటా టక్కున ఎగిరి యర్రమ్మ ముందు రోడ్డు మీద పడి దొర్లింది. గుసగుస ఆగిపోయింది. అతను ఎస్సైకి జవాబు చెప్పాడు గానీ, ఊరి మాటలోనే, చివరి వరసకు వినబడేలా చెప్పాడు.

"ఇరుక్కోనేదు సార్. తుపాకీ బాగానే ఉంది. నానే కాల్సను."

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. చెంపదెబ్బ, బూతులు, తుపాకీ గుంజుకోవడం, బెల్టు ఊడదీయడం, చేతులకి బేడీలు. జనం జేజేలు కొడతారని అతను అనుకోలేదు, వాళ్ళు కొట్టలేదు. అతన్ని జీపు వెనకసీట్లోకి తోస్తుంటే రత్నాలు లేచి వచ్చింది. బేడీల్లో ఉన్న అతని చేతులకేసి చూసింది.

"ఈ సేతుల్తోనే తుడిసినావు," అంది.

"ఔనప్పా."

ఆమె క్షమించానని అనలేదు. అతనూ అడగలేదు. తల వంచుకుని కూర్చున్నాడు. ఒక్కసారి కాదన్నంత మాత్రాన ఆ మధ్యాహ్నమంతా చేసిన పని చెరిగిపోదని అతనికి తెలుసు. రత్నాలు వెళ్ళి జీపు ముందు చక్రాన్ని ఆనుకుని కూర్చుంది. యర్రమ్మ వచ్చి రెండో చక్రం దగ్గర చతికిలబడింది. హేమలత వచ్చింది. చేతికర్ర పక్కన పెట్టి మంగ్లు కూర్చున్నాడు. ఆ వెనక మొత్తం ఊళ్ళు కదిలి జీపు చుట్టూ సర్దుకున్నాయి.

"టిప్పరూ ఎల్లదు, జీపూ ఎల్లదు," అంది యర్రమ్మ. "ఆ కుర్రోణ్ణి దింపండి. కొండ మీద పని ఆపండి. అప్పుడు లెగుత్తాం."

ఎస్సై చుట్టూ చూశాడు. కారు అద్దం కొంచెం దిగింది, లోపల్నుంచి కృష్ణమూర్తి కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఎస్సై తుపాకీని జగదీష్‌కి అందించాడు.

జగదీష్ అందుకున్నాడు. అతనిదీ కూలివాళ్ళ ఇల్లే. ధనరాజు జీపులోంచి, "జగదీషూ, వొద్దు," అన్నాడు. తుపాకీ నోరు మెల్లగా కిందికి దిగింది, ముందు వరస మోకాళ్ళ మట్టానికి వచ్చి ఆగింది. లోపల మసి లేదు, మురికి లేదు. ఈసారి అది పేలుతుందని అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు.

ఒక్కరూ లేవలేదు.